దండం పెట్టే విగ్రహం

"ఈయన ఎవరికి దండం పెడుతున్నాడు నాన్నా?" అని మా అమ్మాయి అడిగిన రోజున నా దగ్గర జవాబు లేదు.

అట్టపెట్టె అప్పుడే విప్పాం. తమిళనాడులోని స్వామిమలైలో బయల్దేరి, డబ్లిన్ దాకా వచ్చిన పెట్టె. లోపల రంపపు పొట్టు, నలిపి కూరిన తమిళ దినపత్రికలు, వాటి మధ్య తొమ్మిది అంగుళాల అన్నమయ్య. భుజానికి ఆనించిన తంబురా, జోడించిన చేతులు. బల్ల మీద పెట్టగానే ఆయన సరిగ్గా మా ముగ్గురికీ దండం పెడుతున్నట్టుగా నిలబడ్డాడు. మా ఆవిడ ఒక్క క్షణం చూసి, "ఏమండీ, ఈయన నాగార్జునలా లేడూ?" అంది. అంతే. అది విన్నాక ఇక నాకు అన్నమయ్య కనిపించలేదు.

ఇది చిన్న సంగతే అనిపించవచ్చు. కానీ ఈ విగ్రహం చేయించడం వెనక ఒక కారణం ఉంది. మా అమ్మ 2021లో పోయింది. విమానాలు ఎప్పుడుంటాయో ఎప్పుడుండవో తెలియని రోజులు. కర్మకాండ అంతా ఫోను తెర మీద చూశాను. మధ్యలో రెండుసార్లు సిగ్నల్ పోయింది కూడా. అమ్మ దగ్గర ఒక పాత కాలెండరు నుంచి కత్తిరించి ఫ్రేము కట్టించుకున్న అన్నమయ్య బొమ్మ ఉండేది. పొద్దున్నే దానికి ఇంత కుంకుమ పెట్టి, రెండు కీర్తనలు పాడుకుని గానీ కాఫీ కలిపేది కాదు. మరుసటి ఏడు ఇంటికి వెళ్ళేసరికి ఆ బొమ్మ చెదలు తినేసింది. కాగితం కాబట్టి చెదలు తిన్నాయి, లోహమైతే తినవు కదా అన్నది నా తర్కం. కంప్యూటర్లతో బతికేవాడి తర్కం: మీడియా పాడైతే మన్నికైన మీడియా మీదికి మార్చుకోవడం.

ఆర్డరు తీసుకున్న కార్ఖానా ఆయన ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న: "సినిమా అన్నమయ్యా సార్, మామూలు అన్నమయ్యా?" నవ్వుకుని, మామూలు అన్నమయ్యే కావాలన్నాను. వచ్చింది మాత్రం సినిమా అన్నమయ్య. ఆయన్ని తప్పు పట్టడానికి ముందు నన్ను నేను అడగవలసిన ప్రశ్న ఒకటుంది. అసలు మామూలు అన్నమయ్య అంటే ఎవరు?

*

అన్నమయ్య (1408-1503) ముఖం ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. తిరుమలలో సంకీర్తన భాండాగారం దగ్గర అన్నమయ్య, పెదతిరుమలాచార్యులవిగా చెప్పే రాతి బొమ్మలున్నాయి కానీ, వాటిని చూసి మనిషిని పోల్చుకోలేం. ఆ మాటకొస్తే పోతన ముఖమూ తెలియదు, వేమన ముఖమూ తెలియదు. మా నాన్న తరానికి ఆ ఇబ్బంది లేదు. పోతన, త్యాగయ్య, వేమన ముగ్గురిదీ ఒకటే ముఖం, చిత్తూరు నాగయ్యది. మా తరానికి 1997లో అన్నమయ్య, 2006లో రామదాసు వచ్చారు, ఇద్దరిదీ మళ్ళీ ఒకటే ముఖం. తెలుగువాడి భక్తి మొదటినుంచీ కాస్త వెండితెర మీదుగానే నడుస్తోంది. దాన్ని నేను వెక్కిరించడం లేదు. నాగయ్యగారి ముఖంలోని ఆ తడి చూసి దండం పెట్టినవాళ్ళు తప్పు చేశారని ఎవరంటారు?

కానీ పోతపోసే శిల్పికి ఈ సమస్య కొత్తది కాదు. చోళుల కాలం నాటి శిల్పులు తమకు వందల ఏళ్ళ ముందు బతికిన భక్తుల్ని చేయవలసి వచ్చింది. ముఖాలు వాళ్ళకీ తెలియవు. అయినా ఏ భక్తుడు ఎవరో చూసీ చూడగానే చెప్పేయవచ్చు. చిన్న పిల్లవాడు వేలెత్తి చూపిస్తున్నాడంటే సంబంధర్. భుజం మీద గడ్డి చెక్కే పార ఉంటే అప్పర్. గుడి ఆవరణలో కలుపు తీసిన మనిషి. తాటాకుల గ్రంథం పట్టుకుంటే మాణిక్కవాచకర్. ఎముకల గూడులా కూర్చుని తాళాలు వాయిస్తున్న ముసలమ్మ అయితే కారైక్కాల్ అమ్మయ్యార్. అంటే శిల్పి అడిగిన ప్రశ్న "ఈయన ఎలా ఉండేవాడు?" అని కాదు, "ఈయన ఏం చేసేవాడు?" అని. మనిషిని ముఖంతో కాక, పనితో పోల్చుకోవడం. ఇంతకన్నా మర్యాదగా ఒక మనిషిని తలుచుకునే పద్ధతి నాకు తెలియదు.

వీళ్ళలో మనవాడూ ఉన్నాడు. కన్నప్ప నాయనారు అంటే ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలోని తిన్నడే. తంజావూరు ఆర్ట్ గ్యాలరీలో తిరువెంగాడు నుంచి వచ్చిన కన్నప్ప కంచు విగ్రహం ఒకటుంది, 11వ శతాబ్దం మొదటి నాళ్ళది. వేటగాడు, కాళ్ళకు చెప్పులతోనే నిలబడి చేతులు జోడించాడు. ఆ చెప్పులు తీసేస్తే అది ఎవరో ఒక భక్తుడి బొమ్మ. చెప్పులుండటం వల్ల తిన్నడు. శాస్త్రం తెలియనివాడి భక్తిని శాస్త్రం తెలిసిన శిల్పి ఆ రెండు చెప్పుల్లో పెట్టాడు.

ఇప్పుడు మన ఇళ్ళకు వస్తున్న విగ్రహాల్లో నాకు కనిపించే మొదటి లోపం ఇదే. ముఖం మీద పడే శ్రమ పని మీద పడటం లేదు. అన్నమయ్యకీ, త్యాగయ్యకీ, పురందరదాసుకీ అదే తంబురా, అదే పంచె. మీసం ఉంటే ఒకరు, లేకపోతే ఇంకొకరు. అన్నమయ్య పని ఏమిటి? పాట కట్టడం. ఆ పాటల్ని ఆయన కొడుకులూ మనవలూ రాగిరేకుల మీద చెక్కించారు కాబట్టి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివాళ్ళు వాటిని చదివి మనకందించారు కాబట్టి, 12 వేలకు పైగా సంకీర్తనలు మిగిలాయి. నిజానికి అన్నమయ్య లోహ విగ్రహం ఎప్పుడో తయారైంది; అవి ఆ రాగిరేకులే. నా తొమ్మిది అంగుళాల విగ్రహం పక్కన ఒక్క రేకు ముక్క పెట్టి ఉంటే ఆయన ఎవరో ఏ నాగార్జునా అడ్డం వచ్చేవాడు కాదు. ఆర్డరిచ్చేటప్పుడు నాకే తట్టలేదు. శిల్పికి ఎలా తడుతుంది?

*

ఇక ఈ అమ్మకాల్లో వినిపించే "హ్యాండ్‌క్రాఫ్టెడ్ బ్రాంజ్" అన్న మాట సంగతి.

స్వామిమలై పద్ధతిలో విగ్రహం ముందు మైనంలో పుడుతుంది. తేనెమైనం, గుగ్గిలం, కాస్త నూనె కలిపి కాచిన ముద్దతో శిల్పి బొమ్మ చేస్తాడు. కొలతలకు స్కేలు కాదు, కొబ్బరాకు. దాన్ని మడతలు పెట్టి తల ఇంత, మొండెం ఇంత అని గుర్తులు పెట్టుకుంటాడు. ఆ మైనం బొమ్మకు కావేరి ఒండ్రుమట్టి పూతలు వేసి, నీడన ఆరబెట్టి, ఇనుప తీగలు చుట్టి, కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొట్టాలి. మూస మిగలదు. మైనమూ మిగలదు. దీన్నే సంస్కృతంలో మధూచ్ఛిష్ట విధానం అన్నారు. కల్యాణి చాళుక్య రాజు సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో మానసోల్లాసంలో ఈ పద్ధతి వివరించాడు. మన ఆదిలాబాదు ఓజులు చేసే డోక్రా బొమ్మలు కూడా మైనపు పోతే, కాకపోతే అవి లోపల మట్టి గుండు మీద పోసిన గుల్ల బొమ్మలు, స్వామిమలైవి గట్టివి.

మా భాషలో చెప్పాలంటే ఇది ఒక్కసారే నడిచే ప్రోగ్రాం. నడిచాక సోర్సు కోడు చెరిగిపోతుంది. మళ్ళీ కావాలంటే మళ్ళీ మొదట్నుంచీ రాయాలి. అందుకే ఒకదానిలా ఇంకొకటి ఉండదు.

దీనికి అవతలి కొసన, రెసిన్‌లో కంచుపొడి కలిపి అచ్చులో పోసిన బొమ్మలున్నాయి. వాటినీ బ్రాంజ్ అనే అమ్ముతారు. మధ్యలో ఇసుక మూసలో పోసిన ఇత్తడి బొమ్మలున్నాయి. వాటి మీద నేలమాళిగలో వందేళ్ళు పడుకున్నట్టు నల్లటి, పచ్చటి రంగు ఎక్కించి "యాంటిక్ ఫినిష్" అంటారు. మా స్నేహితుడొకడు లూకన్‌లో తన ఇంట్లో గృహప్రవేశానికి అలాంటి రాఘవేంద్రస్వామిని పెట్టాడు. రెండుసార్లు పాలాభిషేకం అయ్యేసరికి వందేళ్ళూ పళ్ళెంలోకి దిగిపోయాయి. కొనేవాళ్ళకు నా సలహా ఒకటే: విగ్రహాన్ని బోర్లించి అడుగు చూడండి, తర్వాత వీపు చూడండి. ముందు భాగం అందరూ చేస్తారు.

అయితే చేత్తో చేస్తేనే దేవుడు, యంత్రంతో చేస్తే బొమ్మ అనడానికి నాకు నోరు రాదు. 2022 ఫిబ్రవరిలో హైదరాబాదు దగ్గర ముచ్చింతల్‌లో ఆవిష్కరించిన రామానుజుల విగ్రహం పీఠంతో కలిపి 216 అడుగులు. చైనాలో పోతపోసి, ముక్కలుగా తెచ్చి, అతికించారు. దాన్ని శిల్పంగా చూస్తే నాకు పొడుగు తప్ప పెద్దగా ఏమీ కనిపించలేదు. కానీ దాని ముందు చెంపలు వేసుకుంటున్న ఒక పెద్దావిడను చూసినప్పుడు నా అభిప్రాయం ఆవిడకు చెప్పాలనిపించలేదు. అదే రామానుజుల గురించి ఇంకో సంప్రదాయ కథ ఉంది. ఆయన మేల్కోటెలో ఏళ్ళ తరబడి ఉండి, శ్రీరంగానికి తిరిగి వెళ్ళిపోతుంటే శిష్యులు ఎడబాటు భరించలేక విగ్రహం చేయించుకున్నారట. భక్తుడి విగ్రహానికి మొదటి కారణం అదేనేమో, మనిషి దూరమవడం. దేశం విడిచి వచ్చినవాళ్ళకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. కాకపోతే మన విషయంలో వెళ్ళిపోయింది మనం.

*

అసలు విగ్రహం, నకలు విగ్రహం అన్న గొడవ మాకు సముద్రం అవతలే, ఆక్స్‌ఫర్డ్‌లో నడిచింది. అక్కడి ఆష్మోలియన్ మ్యూజియంలో తిరుమంగై ఆళ్వారు కంచు విగ్రహం ఉండేది, 16వ శతాబ్దం నాటిది, 1967లో వేలంలో కొన్నది. పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థ దగ్గర 1957లో తీసిన ఒక ఫోటో బయటపడింది. కుంభకోణం దగ్గర సౌందరరాజ పెరుమాళ్ గుడిలో అదే విగ్రహం. మరి గుడిలో ఇన్నాళ్ళూ పూజలందుకుంటున్నది? నకలు. ఎవరో ఎప్పుడో అసలుది తీసుకుపోయి నకలు పెట్టారు. తిరిగి ఇచ్చేయడానికి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2024లో ఒప్పుకుంది.

దొంగతనం దొంగతనమే, అసలు విగ్రహం తన ఊరు చేరవలసిందే. అందులో నాకు సందేహం లేదు. నన్ను ఆలోచనలో పడేసింది ఆ నకలు. దశాబ్దాల పాటు దానికి దీపం పెట్టారు, ప్రసాదం పెట్టారు, ఊరివాళ్ళు తమ కష్టాలు చెప్పుకున్నారు. గాజు పెట్టెలో అసలుది చక్కగా, ఒక్క చుక్క నూనె తగలకుండా ఉంది. రెండింటిలో ఆళ్వారు ఎక్కడున్నట్టు? కళ చూసేవాడిని అడిగితే ఆక్స్‌ఫర్డ్‌లో అంటాడు. ఆ ఊరి ముసలమ్మను అడిగితే ప్రశ్నే అర్థం కాదు. విమర్శ రాసేవాడు ఈ ఇద్దరి మధ్యా నిలబడాలి. అది అంత సుఖమైన చోటు కాదు.

*

ఐర్లండు వాళ్ళకు కంచు కొత్త కాదు. కిలార్నీ సరస్సు పక్కన రాస్ ఐలండ్‌లో నాలుగు వేల ఏళ్ళకు పూర్వమే రాగి తవ్వారు. డబ్లిన్ కిల్డేర్ వీధి మ్యూజియంలో వాళ్ళ కంచు కొమ్ముబూరాలు చూడవచ్చు. అక్కడే సెయింట్ పాట్రిక్ గంట ఉంది, ఇనుపరేకు మీద కంచు పూత, మొరటు గంట. దానికి 1100 ప్రాంతాల్లో చేయించిన బంగారు పనితనపు తొడుగు ఇంకో వింత. సాధువు వాడిన వస్తువు మొరటుగానే ఉంది, భక్తులు చేయించిన తొడుగు ధగధగలాడుతోంది. ఏ దేశమైనా ఇంతే కాబోలు.

రౌండ్‌వుడ్ దగ్గర, విక్లో కొండల్లో, 1989లో తెరిచిన ఒక తోట ఉంది. మహాబలిపురం శిల్పులు చెక్కిన నల్లరాతి వినాయకులు అక్కడి చెట్ల మధ్య వాద్యాలు వాయిస్తుంటారు. తోటను అలన్ ట్యూరింగ్‌కు అంకితమిచ్చారు, కాబట్టి మా వృత్తివాళ్ళకు అది రెండు విధాలా పుణ్యక్షేత్రమే. పనితనం గొప్పది. కానీ ఆ వినాయకులకు ఎవరూ గరిక పెట్టరు, ఐరిష్ వాన అభిషేకం చేస్తుంది, నాచు పడుతుంది. ఎవరూ ముట్టుకోని విగ్రహం తొందరగా ప్రకృతిలో కలిసిపోతుందని అక్కడ అర్థమైంది. దీనికి పూర్తిగా ఎదురు, డబ్లిన్ నడిబొడ్డున 1988 నాటి మాలీ మలోన్ కంచు విగ్రహం. పర్యాటకులు అదృష్టమని చెప్పి రొమ్ముల మీద చెయ్యి రాసి రాసి అక్కడ లోహం పసుపు రంగు తేలింది. ఆపడానికి 2025లో నగరపాలక సంస్థ మనుషుల్ని కాపలా పెట్టింది. చెయ్యి తగలడమే గొప్ప అనుకుంటే ఇదీ గొప్పే కావాలి. కాదు. ఏ మనసుతో ముట్టుకున్నారన్నది కూడా లోహం మీద కనిపిస్తుంది.

మా పక్కింటి పెద్దావిడకు ఎనభై దాటాయి. కొత్త విగ్రహం వచ్చిందని తెలిసి చూడటానికి వచ్చింది. నేను దాని లోపాలన్నీ ఏకరువు పెట్టాను: ముఖం సినిమాది, తంబురా కాస్త పొట్టి, పంచె మడతలు అచ్చులో పోసినట్టున్నాయి. అంతా విని, తన ఇంటికి తీసుకెళ్ళి హాలు కిటికీలో ఉన్న సున్నపు బొమ్మ చూపించింది. బాలయేసు, చేతిలో భూగోళం. ఇక్కడ పాతతరం ఇళ్ళలో చాలాచోట్ల ఉండేదే, చైల్డ్ ఆఫ్ ప్రాగ్ అంటారు. పెళ్ళికి ముందు రాత్రి దాన్ని తోటలో పొద కింద పెడితే మర్నాడు వాన రాదని నమ్మకం. ఆవిడ బొమ్మకు మెడ చుట్టూ జిగురు గీత. తల ఊడిపోయిందట. తల దానంతటది ఊడితే ఇంకా మంచిదంటారట. "నలుగురు పిల్లల పెళ్ళిళ్ళకూ దీన్నే బయట పెట్టాను" అంది. "వాన ఆగిందా?" అన్నాను. "రెండింటికి" అంది. ముఖం ఎలా ఉందన్న మాటే ఆవిడ ఎత్తలేదు. ఇంటికొచ్చాక నేనూ గుర్తు తెచ్చుకుందామని చూశాను. ఆ బొమ్మ ముఖం నాకు గుర్తు రాలేదు, మెడ మీద జిగురు గీత మాత్రం గుర్తుంది.

*

నూరేళ్ళ కిందట ఈ దీవిలోని బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన జేమ్స్ కజిన్స్ మన మదనపల్లె కాలేజీలో పనిచేస్తూ భారతీయ కళ మీద విమర్శలు రాశాడు. ఇప్పుడు అటు నుంచి ఇటు వచ్చిన నేను నా ఇంటి విగ్రహం మీద రాస్తున్నాను. కాబట్టి తీర్పు చెప్పకుండా వదిలేయడం మర్యాద కాదు.

నా అన్నమయ్య ముఖం బాగా లేదు. అది శిల్పి తన కళ్ళతో చూసిన ముఖం కాదు, మార్కెట్టు అడిగిన ముఖం. ఆ మాట మీద నేనిప్పటికీ నిలబడతాను. వచ్చినప్పటి కోపం మాత్రం లేదు. వీపు చూడమని పైన మీకు చెప్పిన సలహా, నా విగ్రహం విషయంలో నేను పాటించడానికి నెల పట్టింది. ఎవరూ చూడని ఆ వైపున పనితనమంతా ఉంది. తంబురా బరువుకు ఒక భుజం వెంట్రుకవాసి కిందికి దిగింది. వెన్నుగాడి నడుము దగ్గర లోతుగా మొదలై పైకి సన్నబడింది. మెడ కొద్దిగా ముందుకు వంగి, పిలక కుడివైపుకు జారింది. ఉలి గుర్తులు పాలిష్‌లో పోకుండా అక్కడక్కడ మిగిలాయి. ముఖం చేసేటప్పుడు ఆ శిల్పి మనసులో మేమున్నాం, కొనేవాళ్ళం. వీపు చేసేటప్పుడు మేం లేం.

ఆ వీపు ముందు కనిపెట్టింది నేను కాదు. మా అమ్మాయి. తన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయేసరికి తనే సర్దింది. పూజ అలమరలో వెంకటేశ్వరస్వామి పటం ముందు ఆయన్ని అటు తిప్పి పెట్టింది. "ఇప్పుడు కరెక్ట్. దేవుడికి పెడుతున్నాడు" అంది. అన్నమయ్య మాకు వీపు చూపిస్తూ నిలబడ్డాడు. పటంలోకి చూసే మనిషికి ముఖమెందుకు? కృష్ణదేవరాయలు ఇద్దరు రాణులతో చేతులు జోడించి తిరుమల గుడిలో నిలబడ్డ లోహ విగ్రహాలు గుర్తొచ్చాయి. రాజుగా కాదు, వరసలో మనకన్నా ముందు నిలబడ్డవాడుగా ఉన్నాడాయన. భక్తుల విగ్రహాలు మనం దండం పెట్టడానికి చేసినవే, కానీ మనతో పాటు దండం పెట్టడానికి కూడా చేసినవి. ఆ రెండో పని మరిచిపోయినప్పుడే ముఖం కోసం వెతుకులాట మొదలవుతుంది.

శనివారం నాడు చింతపండు పెట్టి తోముతాం. కుడి భుజం ఇప్పటికే కాస్త మెరుపు తేలింది. మా అమ్మాయి ఎత్తిపట్టుకునేది అక్కడే. మా అమ్మ పాడుకునేటప్పుడు కూడా నాకెప్పుడూ కనిపించింది వీపే. పటం వైపు తిరిగి పాడేది. వెనక నేను కాఫీ కోసం కూర్చునేవాణ్ణి.